ఊరిమట్టిలో మొలిచిన పువ్వు: విలియం కేరీగారి జీవితము

ధ్యానభాగములు: యిర్మీయా 29:4-7, నిర్గమకాండము 31:1-6



బబులోనుకు చెరగొనిపోబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేమునుండి ఒక ఉత్తరము వ్రాసి పంపెను. సొంతయూరు తలంచుకొని ఏడ్చుచున్న వారికి ఆ ఉత్తరము వింతగా తోచియుండును. మీరున్న చోటనే ఇండ్లు కట్టుకొని కాపురముండుడని, తోటలు వేసి వాటి ఫలములు తినుడని, ఆ పరాయి పట్టణపు మేలుకొరకు ప్రార్థన చేయుడని దేవుడు వారికి తెలియజేసెను.

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములవారికి ఇది దూరపుమాట కాదు. వానలు తప్పిన యేండ్లలో పిల్లలను చంకనెత్తుకొని బొంబాయికి, పూనాకు మట్టిపనికి పోయినవారు లేని ఊరు మనలో అరుదు. నేడు చదువుకొన్న బిడ్డలు హైదరాబాదునకు పోవుచున్నారు. కొందరు సముద్రములు కూడ దాటుచున్నారు. ఊరు విడిచినవారికి రెండు అపాయములు కలవు. ఒకటి, పాతయూరిని తలంచి తలంచి ఉన్నచోట వేరు పాతకుండుట. రెండవది, ఊరిపేరును తాతతండ్రుల పనిని సిగ్గుపడి దాచివేయుట. ఈ రెండింటిని తప్పించుకొన్న ఒక పల్లెటూరి మనుష్యుని జీవితమును ఈ మాసమందు తలంచుకొందము. ఆయనే విలియం కేరీగారు.

పుట్టిన ఊరు

ఇంగ్లాండు దేశపు నడిమి భాగమున నార్తాంప్టన్‌షైరు అను సీమ కలదు. అచ్చట పాలర్స్‌పరీ అను పల్లెలో 1761 ఆగస్టు 17న కేరీగారు జన్మించిరి. తండ్రి ఎడ్మండు సాలెవాడు. ఇంటిలోనే మగ్గము పెట్టుకొని ఉన్నిబట్ట నేసెడివాడు. పోచంపల్లిలోను గద్వాలలోను నేతవారి ఇండ్లు చూచినవారికి ఆ ఇల్లు ఎట్టిదో చెప్పనక్కరలేదు. అయిదుగురు బిడ్డలలో విలియం పెద్దవాడు. అతడు ఆరేండ్లవాడైనప్పుడు తండ్రికి ఊరి గుడిలో గుమాస్తా పనియు, బడిలో పంతులు పనియు దొరకెను. అందుచేత పిల్లవానికి చదువు అబ్బెను.

ఊరిలో పేటరు అను చిన్నాయన యుండెను. ఆయన సిపాయిగా కెనడా దేశమునకు పోయి తిరిగివచ్చి తోటమాలియైనవాడు. పెద్ద సముద్రపు కథలును, చెట్లకు అంటుకట్టు పనియు పిల్లవాడు ఆయనయొద్దనే వినెను, చూచెను. చేలగట్లవెంటను అడవి అంచునను తిరిగి పురుగులను, పక్షులను, మొక్కలను తెచ్చి తన గదినిండ పెట్టుకొనెడివాడు. దేశాటన కథలు చదివి చదివి చెప్పుచుండుటచేత తోటిపిల్లలు అతనికి కొలంబసు అని ఎగతాళిపేరు పెట్టిరి.

జ్ఞాపకములలో పాతయూరు ఎప్పుడును అందముగానే యుండును. రాతి గుడి, దాని గోపురపు గంట, గడ్డికప్పు ఇండ్లు, వాకిట కూర్చుండి దిండుమీద లేసు అల్లు స్త్రీలు, ఇవన్నియు ఆ సీమలో ఉండెను. అయితే కష్టములును ఉండెను. ఆ కాలమున ఆ సీమలో ఉమ్మడి మేతభూములకు చట్టము చేయించి కంచెలు వేయుచుండిరి. మనవారు బంచరాయి అను భూమివంటిది పోగా బీదవాని ఆవుకు మేతలేక పోయెను. పసిబిడ్డలు జ్వరములతో చనిపోవుట సామాన్యము. ప్రభుత్వ సంఘములో చేరక వేరుగా కూడుకొను విశ్వాసులకు ఆ దేశపు పెద్ద విద్యాలయములలో పట్టము దొరకెడిది కాదు. పల్లెలో పుట్టిన బీదవాడు పల్లెలోనే బీదవాడుగా చచ్చుట ఆ దేశమందును వాడుకయై యుండెను.

ఆరె పట్టిన చేయి

విలియం పొలము పనికి పోయి చూచెను గాని ఎండ తగిలినంతనే అతని చర్మము పాడగుచుండెను. అందుచేత నీడపట్టున చేయు పని నేర్పవలెనని తండ్రి అతనిని పిడింగ్టను అను ఊరిలో క్లార్కు నికొల్సు అను చెప్పులు కుట్టువానియొద్ద ఉంచెను. నార్తాంప్టన్‌షైరు తోలుపనికి పేరుపొందిన సీమ.

మన సంఘములలో అనేకుల తాతలు తోలుపనివారే. లందలో తంగేడు చెక్క వేసి తోలు పదునుచేసినది వారే. ఆరెతో రంపెతో చెప్పులు కుట్టినది వారే. వారు కుట్టిన మోటబొక్కెన లేనియెడల ఊరిమడికి నీరు పారెడిది కాదు. అయినను ఊరు ఆ నీరు త్రాగి, ఆ చేతులను దూరముగా ఉంచెను. అట్టి పనిముట్లు పట్టుకొనియే కేరీగారు తన యౌవనము గడిపిరని మన బిడ్డలకు చెప్పవలెను.

ఆ దుకాణములో ఒక బైబిలు వ్యాఖ్యానము ఉండెను. దానిలో అక్కడక్కడ గ్రీకు అక్షరములు కనబడెను. కుర్రవాడు అవి ఏమో తెలియక, వాటిని చూచి కాగితముమీద దించుకొని, సొంతయూరికి పోయినప్పుడు కొంత చదువుకొనియుండిన ఒక సాలెవానికి చూపి నేర్చుకొనెను. తరువాత లాటిను, హెబ్రీ, ఫ్రెంచి, డచ్చి భాషలును అట్లే పనిచేయుచు నేర్చుకొనెను.

అతని మారుమనస్సుకు ఒక చెల్లని షిల్లింగు కారణమాయెను. క్రిస్మసు దినములలో ఒక వర్తకుడు ఈనాముగా అతనికి ఒక షిల్లింగు ఇచ్చెను. అది దొంగనాణెమని తరువాత తెలిసెను. అతడు దానిని యజమానుని సొమ్ములో కలిపి, మంచి నాణెము తాను తీసికొని, అబద్ధమాడి తప్పించుకొనవలెనని చూచెను. దారిలో దేవునికి ప్రార్థన కూడ చేసెను. ప్రభువు అతని అబద్ధమునకు సాయపడలేదు. సంగతి బయటపడెను. ఊరివారి ముఖము చూడ సిగ్గుపడెను. ఆ సిగ్గులోనే, తోటి పనివాడగు జాన్ వారు విసుగక చెప్పుచుండిన రక్షణసువార్త అతని హృదయములో నాటుకొనెను. 1783 అక్టోబరు 5న నార్తాంప్టను పట్టణమున నెన్ నదిలో ఆయన బాప్తిస్మము పొందిరి.

గోడమీది పటము

1781లో ఆయన డోరతి అను పల్లెపడుచును పెండ్లాడిరి. ఆమెకు చదువురాదు, పెండ్లి పుస్తకములో పేరుకు బదులు గీతగుర్తు పెట్టెను. వారి మొదటి కుమార్తె ముద్దుమాటల ప్రాయమందే జ్వరముతో చనిపోయెను. అదే జ్వరముతో కేరీగారును మంచమెక్కి, తలవెండ్రుకలు రాలిపోగా బ్రదికి లేచిరి.

1785లో ఆయన మౌల్టను అను పల్లెకు పోయి బడిపంతులైరి; పిమ్మట అక్కడి చిన్న సంఘమునకు కాపరియైరి. సంఘమిచ్చు జీతము చాలక చెప్పులు కుట్టుట మానలేదు. కాగితములు ఒకదానికొకటి అతికించి పెద్ద ప్రపంచపటము గీసి, తాను పనిచేయు చోట గోడకు తగిలించిరి. ఏ దేశమున జనమెందరు, వారి మతమేమి అని చదివినదెల్ల దానిమీద వ్రాసికొనిరి. తోలు కుట్టుచు తల ఎత్తినప్పుడెల్ల లోకము ఆయన కన్నులయెదుట నుండెను.

అన్యదేశములకు సువార్త పంపుట మన పని కాదని పెద్దలు అనుకొను దినములవి. కేరీగారు 1792లో ఆ సంగతినిగూర్చి చిన్న గ్రంథము అచ్చువేయించిరి. ఆ సంవత్సరమే మే నెలలో నాటింగుహాములో యెషయా 54వ అధ్యాయమునుండి ప్రసంగించిరి. గుడారము విశాలపరచు సంగతిని తోలునెరిగినవాడు బోధించెను. అదే సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగు అను ఊరిలో ఒక విధవరాలి యింటి వెనుకగదిలో కొందరు కూడి మిషను సంఘమును స్థాపించిరి. ఆ దినమున వారు వ్రాసికొన్న చందా మొత్తము 13 పౌనులు, 2 షిల్లింగులు, 6 పెన్సులు. అందులో గొప్పవారు లేరు. పల్లె సంఘముల కాపరులే ఎక్కువమంది. మన గుడి కానుకసంచి తేలికగానున్నదని నిరుత్సాహపడువారు ఆ లెక్క గుర్తుంచుకొనవలెను.

డోరతి అమ్మ

ఇచ్చట ఒక బాధగల సంగతి చెప్పక తప్పదు. భక్తుల కథలు వ్రాయువారు దీనిని దాటిపోవుటకు చూతురు. దాటిపోవుట న్యాయము కాదు.

డోరతి అమ్మ ఇండియాకు రానని చెప్పెను. తన ఊరు దాటి ఎన్నడును దూరము పోయినది కాదు, ముగ్గురు పిల్లలతల్లి, నాలుగవ బిడ్డ గర్భమందుండెను. ఓడ ప్రయాణము ఆలస్యమై, బిడ్డ పుట్టిన తరువాత భర్తయు స్నేహితుడును మరల వచ్చి బతిమాలగా, తన చెల్లెలు తోడు వచ్చినయెడల వత్తునని ఒప్పుకొనెను. 1793 జూను 13న వారందరు ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా చేరిరి.

ఆ తరువాత ఇల్లు లేక, డబ్బు లేక, రోగములతో చోటినుండి చోటికి తిరిగిరి. 1794లో కేరీగారికి బెంగాలులో మదనాబాటి అను పల్లెలో నీలిమందు కర్మాగారపు పని దొరకెను. ఆ సంవత్సరమే వారి అయిదేండ్ల కుమారుడు పేటరు చనిపోయెను. కులభయముచేత సమాధి త్రవ్వుటకును శవమును మోయుటకును మనుష్యులు దొరకుట కష్టమాయెను. ఆ దుఃఖముతో తల్లి మనస్సు చెదరిపోయి మరల కుదుటపడలేదు. పండ్రెండేండ్లు ఆ స్థితిలోనుండి 1807 డిసెంబరులో చనిపోయెను. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండగా ఈ గదిలో భర్త దేవుని వాక్యమును తర్జుమా చేయుచుండిరి.

కేరీగారు ఊరు విడుచుటకు పిలుపు విన్నవాడు. డోరతి అమ్మ ఆ పిలుపు వినకయే ఊరు విడిచినది. దాని వెల ఆమెయు చెల్లించెను. మన బైబిలు పరిచర్యకు ఋణపడినవారి లెక్కలో గీతగుర్తు పెట్టిన ఆ చేతిని కూడ చేర్చవలెను. నేడు వలసపోవు మన కుటుంబములలో నోరుతెరచి చెప్పలేక ఊరిమీద బెంగతో కృశించు తల్లులు, కోడండ్రు ఉన్నారు. సంఘము వారిని పేరుపెట్టి అడుగుచున్నదా?

తెలింగాణ భాష

1800 జనవరిలో కేరీగారు హుగ్లీ నదియొడ్డున డేనుల ఏలుబడిలోనుండిన శ్రీరాంపురమునకు చేరిరి. అక్కడ విలియం వార్డు, జాషువా మార్ష్‌మన్ అనువారు ఆయనతో కూడుకొనిరి. వార్డు అచ్చుపనివాడు, మార్ష్‌మన్ మొదట మగ్గముమీద పనిచేసి, పిమ్మట పంతులైనవాడు. చెప్పులు కుట్టువాడు, అచ్చుపనివాడు, సాలెవాడు కలిసి ఒకే ఇంటివారై, సంపాదన ఒక్కచోట పెట్టి పనిచేసిరి. ఆ సంవత్సరము డిసెంబరు 28న కృష్ణపాలు అను వడ్రంగి మొదటి విశ్వాసిగా హుగ్లీలో బాప్తిస్మము పొందెను. దేవుడు పనివాని చేతులను వెదకునని ఇంతకంటె సాక్ష్యమేల? ప్రత్యక్షపుగుడారము కట్టుటకు బెసలేలును ఆత్మతో నింపినవాడు ఆయనే గదా.

1801లో బెంగాలీ క్రొత్తనిబంధన అచ్చుపడెను. అదే సంవత్సరము కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాలలో కేరీగారికి పంతులుపని దొరకెను. జీతములో అధికభాగము మిషనుకే ఇచ్చివేసిరి. ఒకప్పుడు గొప్పవారి విందులో ఒక అధికారి, ఈయన జోళ్లు తయారుచేయువాడు కాడా అని అందరు వినునట్లు అడిగెనట. అంతటివాడను కాను, పాతజోళ్లకు అతుకులు వేయువాడనేయని కేరీగారు నెమ్మదిగా సరిదిద్దిరి. సిగ్గుపరచవలెనని అడిగినవాడే సిగ్గుపడెను.

మన తెలుగు మీదను ఆయన చేయి పడెను. దేశపండితులను కూర్చుండబెట్టుకొని అనేక భాషలతోపాటు తెలుగును నేర్చి, వ్యాకరణము వ్రాయుచుండగా, 1812 మార్చి 11 సాయంకాలము అచ్చుకూటమునకు నిప్పంటుకొనెను. కాగితములు, అచ్చక్షరములు, యేండ్ల ప్రయాస బూడిదయ్యెను. ఆ బూడిదలో తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు నుండెను. సాలెవాని కుమారుడు గనుక తెగిన పోగును మరల ముడివేయుట ఆయనకు తెలియును. మొదటినుండి వ్రాసిరి. 1814లో ఆ వ్యాకరణము వెలువడెను. దాని పేరులో మన భాషను ఆయన తెలింగాణ భాష అని పిలిచిరి. 1818లో శ్రీరాంపురమునుండి తెలుగు క్రొత్తనిబంధనయు, 1821లో మోషే పంచకాండములును అచ్చుపడెను.

నేడు మన చేతులలోనున్న తెలుగు బైబిలు ఆయన తర్జుమా కాదు. తరువాత విశాఖపట్నములోను మద్రాసులోను ప్రయాసపడిన అనేకుల ఫలము. ఆయన మన దేశభాగమునకు ఎన్నడును రాలేదు. నల్లగొండ గుట్టలను చూడలేదు, కృష్ణానీరు త్రాగలేదు. చూడని మనకొరకు రెండుసారులు వ్రాసెను.

మట్టిలోని విత్తనము

శ్రీరాంపురములో ఆయన అయిదెకరముల తోట వేసిరి. చిన్నాయన పేటరుయొద్ద నేర్చినది అక్కడ ఫలించెను. తోటలో చేసిన ప్రార్థన, తోటలో చేసిన పని ఆయనకు ప్రాణము. బీదరైతుల మేలుకోరి 1820లో ఇండియాలో వ్యవసాయ ఉద్యానవన సంఘమును స్థాపించిరి. విధవరాండ్రను భర్తల చితిపై కాల్చు ఆచారమును నిషేధించు శాసనము 1829 డిసెంబరులో రాగా, ఒకదినము ఆలస్యమైన ఎన్ని ప్రాణములు పోవునో అని, ఆదివారపు ప్రసంగమును మరియొకరికి అప్పగించి దానిని బెంగాలీలోనికి తర్జుమా చేసిరి. పరాయి దేశపు మేలు వెదకుట అనగా ఇదియే.

అట్లని పుట్టిన ఊరు మరచిరా? లేదు. ఇంగ్లాండునుండి ఒక స్నేహితుడు విత్తనములు పంపెను. వాటిని తీసికొన్న తరువాత, సంచిలో మిగిలిన ఆ దేశపు మట్టిని పారవేయలేక, కేరీగారు తోటలో ఒక నీడమూల దులిపిరి. కొన్నిదినములకు అచ్చట ఒక మొలక కనబడెను. అది డెయిజీ అను చిన్న తెల్లని పువ్వు. మన చేలగట్లమీద గడ్డిచేమంతివలె ఆ దేశమున కాలిక్రింద మొలచునది. ఎవరును విత్తరు, ఎవరును లెక్కచేయరు. ముప్పది యేండ్లకు చేరువగా చూడని ఆ పువ్వును చూచినప్పుడు ఆయనకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. ఇంగ్లాండుకు వ్రాసిన ఉత్తరములో ఆ సంగతి విపులముగా తెలిపిరి. ఆ సంగతి అక్కడి ఒక కవి చెవినిబడి పద్యమాయెను. తరువాత ఏటేట ఆ విత్తనము దాచి ఆ పువ్వును పెంచుచుండిరి.

ఊరు వెనుక విడువబడినవారిని కూడ మరువకూడదు. తండ్రి ఎడ్మండు కుమారుని మరల చూడకయే 1816లో కన్నుమూసెను. చెల్లెలు మేరీ పక్షవాతముతో దాదాపు ఏబది యేండ్లు మంచమున పడియుండెను. కదలునది కుడిచేయి మాత్రమే. ఆ చేతితోనే కష్టపడి అన్నకు ఉత్తరములు వ్రాయుచు, దినదినము ఆయనకొరకు ప్రార్థించుచుండెను. అన్న నలువది యేండ్లు ఇండియాలో నిలిచిన బలములో ఆ మంచముయొక్క పాలు ఎంతో దేవునికే తెలియును.

కేరీగారు ఒక్కసారియైనను ఇంగ్లాండు తిరిగి పోలేదు. 1834 జూను 9న డెబ్బది రెండవ యేట శ్రీరాంపురములో నిద్రించిరి. అక్కడి మట్టిలోనే ఆయన సమాధి కలదు.

మనకు పాఠము

ప్రియులారా, ఆయన చూపిన మాదిరిని బట్టి పల్లె సంఘము సంగతి కొంచెము యోచింతము. తరువాతి కాలమున సువార్త మన గడపకు వచ్చినదియు పల్లెటూరివారి చేతనే. 1890 ప్రాంతమున నల్లగొండలో పనిచేయవచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్‌గారు రష్యా దేశపు మెన్నొనైటు పల్లెల బిడ్డ. ఎవరో ఊరు విడిచినందున మన ఊరిలో గుడిగంట మ్రోగినది.

కాబట్టి బిడ్డ ఊరు విడుచుచున్నప్పుడు అతని సంచిలో కొంచెము ఊరిమట్టి పోనిండు. అనగా తాత చేసిన పనిపేరు, అమ్మ నేర్పిన ప్రార్థన, తంగేడు పూచిన గట్టు, చిన్న గుడిలో కంఠతచేసిన వాక్యము. వీటిని దాచుకొనవద్దని, వీటిని తలంచి కూర్చుండవద్దని, చేరినచోట దులిపి విత్తుమని చెప్పండి. ఏది మొలచునో దేవునికి తెలియును.

ఊరిలో మిగిలిన మనమును ఊరక కూర్చుండరాదు. వలసపోయినవారి పేర్లు ఒక పుస్తకములో వ్రాసి, వారము వారము సంఘప్రార్థనలో చదువుదము. తిరిగివచ్చినవారు అరిగిన చెప్పులతో వచ్చినను, అప్పుతో వచ్చినను, ముందు వారికి అన్నము పెట్టి, పిమ్మట మాట్లాడుదము. ముసలివారును రోగులును మంచమునుండి చేయు ప్రార్థనను చిన్నదని ఎంచకుందము.

చెప్పులు కుట్టిన చేతితో తెలుగు అక్షరములు వ్రాయించిన ప్రభువు మన చేతిపనులను ఆశీర్వదించి, పోవువారిని నిలుచువారిని ఒక్కటే కృపలో కాపాడునుగాక. ఆమేన్.